సారథికి తొలి పరీక్ష

పాఠ్యభాగ ఉద్దేశం

పద్దెనిమిదేళ్లు నిండిన యువతీ యువకులలో చాలామంది డ్రైవింగు లైసెన్సుకు దరఖాస్తు చేస్తారు. దానికి తొలి మెట్టు అభ్యాసకుల లైసెన్సు. అది చేతికి రావాలంటే రహదారి నియమాలపై ఒక పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఆ పరీక్షను కంఠస్థం చేసి దాటవలసిన గడపగా కాక, తోటివారి ప్రాణరక్షణకు సంబంధించిన విద్యగా గ్రహింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

రథమూ సారథీ

మన ప్రాచీన సాహిత్యంలో రథికునికి ఎంత గౌరవముందో సారథికీ అంతే గౌరవముంది. పార్థునికి శ్రీకృష్ణుడు, కర్ణునికి శల్యుడు, ఇంద్రునికి మాతలి సారథులు. శ్రీరాముణ్ణి వనవాసానికి సాగనంపిన రథాన్ని నడిపినవాడు సుమంత్రుడు. కఠోపనిషత్తు శరీరాన్ని రథంతో, బుద్ధిని సారథితో, మనస్సును పగ్గంతో, ఇంద్రియాలను గుర్రాలతో పోల్చింది. గుర్రాలు ఎంత మేలుజాతివైనా పగ్గం పట్టినవానికి వివేకం లేకపోతే రథం గమ్యం చేరదని ఆ పోలికలోని అంతరార్థం.

ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో నన్నయభట్టు రచించిన భాగంలో నలోపాఖ్యానం ఉంది. బాహుకుడనే పేరుతో మారురూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణ మహారాజును విదర్భకు తీసుకొనిపోతాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపి దానిని తెప్పించమని రాజు అంటాడు. అది ఇప్పటికే యోజన దూరం వెనుకబడిందని బాహుకుడు బదులు చెబుతాడు. నలుని అశ్వవిద్యా నైపుణ్యాన్ని చాటే ఘట్టమిది. వేగాన్ని గురించి మనం తెలుసుకోవలసిన సత్యం కూడా ఇందులో ఉంది. ఆపాలని అనుకున్న చోటు వేరు, నిజంగా ఆగే చోటు వేరు. నాడు వెనుకబడిపోయింది వస్త్రం. నేటి రహదారి మీద ఆ రెండు చోట్ల నడుమ ఒక మనిషి నిలబడి ఉండవచ్చు.

నేటి వాహనంలో రథికుడూ సారథీ తరచుగా ఒక్కరే. లైసెన్సుల దరఖాస్తుకు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ఏర్పరచిన కంప్యూటరు వ్యవస్థకు ‘సారథి’ అనే పేరు పెట్టడం సముచితంగా ఉంది.

పరీక్ష ఎందుకు వచ్చింది?

భారతదేశంలో మోటారు వాహనాలకు 1914లో తొలి చట్టం వచ్చింది. దాని స్థానంలో 1939లో మరొకటి, ఆ తరువాత 1988లో ఇంకొకటి వచ్చాయి. ఈ చివరి చట్టం 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. 2019లో దీనికి విస్తృతమైన సవరణలు జరిగాయి. బ్రిటన్ దేశంలో 1935లో డ్రైవింగు పరీక్షను నిర్బంధం చేశారు. వాహనాలు పెరిగిన ప్రతి దేశమూ క్రమంగా ఆ దారినే పట్టింది. వాహనం నడపడం కేవలం సొంత వ్యవహారం కాదని, దాని ఫలితాన్ని దారిన పోయేవారంతా అనుభవిస్తారని సమాజం గుర్తించడమే ఇందుకు కారణం.

మన చట్టంలోని 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపరాదు. మొదట పొందవలసినది అభ్యాసకుల లైసెన్సు. దీనినే వాడుకలో ఎల్.ఎల్.ఆర్. అంటారు. ఇది ఆరు నెలలు చెల్లుతుంది. ఇది పొందిన ముప్పై రోజుల తరువాతనే వాహనం నడిపి చూపించే పరీక్షకు హాజరు కావాలి. అభ్యాస కాలంలో వాహనానికి ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్సు కలిగినవారు పక్కన ఉండి నేర్పాలి. మోటారు సైకిలు మీద నేర్పేవారిని తప్ప ఇతరులను వెనుక ఎక్కించుకోరాదు.

ఎల్.ఎల్.ఆర్. ఇచ్చే ముందు జరిగే పరీక్షలో ఏమి అడగాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 11వ నియమం నిర్దేశించింది. మొదటిది, గుర్తులు, సంకేతాలు, రహదారి నియమాలు. రెండవది, ప్రమాదంలో ఎవరైనా మరణించినా గాయపడినా డ్రైవరు నిర్వర్తించవలసిన విధులు. మూడవది, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. నాలుగవది, వాహనం నడిపేటప్పుడు వెంట ఉండవలసిన పత్రాలు. ఈ నాలుగు విషయాలలో వచ్చే ప్రశ్నలకు నూటికి అరవై వంతులైనా సరైన సమాధానాలు ఇవ్వాలి. ఇరవై ప్రశ్నలుంటే పన్నెండు చాలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. కళాశాల పరీక్షలో వదిలేసిన ప్రశ్న మార్కులతో పోతుంది. ఈ పరీక్షలో తెలియక వదిలేసిన ఎనిమిది ప్రశ్నలు ఎప్పుడో ఒకనాడు రహదారి మీద ఎదురుపడతాయి. అప్పుడు నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనేవారుండరు. అందువల్ల ఉత్తీర్ణతకు పన్నెండు చాలినా, ప్రయాణానికి ఇరవైయ్యీ కావాలి.

గుర్తుల వ్యాకరణం

భాషకు వ్యాకరణమున్నట్లే రహదారి గుర్తులకూ వ్యాకరణముంది. ఆకారమే అర్థాన్ని సగం చెబుతుంది. వృత్తాకారంలో ఉన్నవి తప్పనిసరి గుర్తులు. ఎర్రని అంచున్న వృత్తం నిషేధాన్నో పరిమితినో తెలుపుతుంది. నీలి వృత్తం ఈ విధంగానే పొమ్మని ఆదేశిస్తుంది. ఎర్రని అంచున్న త్రిభుజం హెచ్చరిక గుర్తు. మలుపు, ఇరుకు వంతెన, పాఠశాల, ఏటవాలు మొదలైనవి ముందున్నాయని చెబుతుంది. దీర్ఘ చతురస్రాకారంలో ఉన్నవి ఆసుపత్రి, పెట్రోలు బంకు వంటి సమాచారాన్ని ఇస్తాయి. అష్టభుజిగా ఉన్నది ‘ఆగుము’ అనే గుర్తు ఒక్కటే. తలక్రిందులైన త్రిభుజం ‘దారి ఇమ్ము’ అనే గుర్తు ఒక్కటే. దుమ్ము పట్టినా, వెనుకవైపు నుంచి చూసినా పోల్చుకొనేందుకు వీలుగా ఈ రెండింటికీ ప్రత్యేక ఆకారాలు ఇచ్చారు.

అక్షరాలకు బదులు బొమ్మలెందుకు? చిత్తూరు జిల్లా సరిహద్దుల్లో నిలబడితే జవాబు దొరుకుతుంది. ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. తిరుపతికి వచ్చే వాహనాలలో ఏ రాష్ట్రపు నంబరు పలక కనిపించదు? తమిళం తప్ప మరొకటి రాని డ్రైవరూ, కన్నడం మాత్రమే చదివిన డ్రైవరూ, తెలుగు డ్రైవరూ ఒకే మలుపు దగ్గర ఒకే విధంగా వేగం తగ్గించాలి. అందుకు అందరికీ అర్థమయ్యే లిపి కావాలి. 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక వెనుక ఉన్న ఆలోచన ఇదే. గుర్తులను చదవగలవాడు తన భాష చెల్లని నేల మీద కూడా నిరక్షరాస్యుడు కాడు.

నియమం వెనుక కారణం

ఏటవాలు దారిలో ఇరుకుచోట రెండు వాహనాలు ఎదురెదురుగా వస్తే ఎవరికి దారి ఇవ్వాలి? పరీక్షలో తరచు కనిపించే ప్రశ్న ఇది. పైకి ఎక్కే వాహనానికి ఇవ్వాలన్నది సమాధానం. దీనిని కేవలం గుర్తుంచుకొంటే రేపు మరచిపోతాము. కారణం తెలిస్తే మరువము. ఎక్కేటప్పుడు ఆగిన వాహనాన్ని మళ్లీ కదిలించడం కష్టం. అది వెనుకకు జారే ప్రమాదమూ ఉంది. దిగే వాహనానికి ఆ ఇబ్బంది లేదు. అందుకే ఓర్పు వహించవలసిన బాధ్యత దిగేవానిది.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడ్డాయి. నేడు వాటిలో ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి ఉపయోగపడుతున్నందువల్ల ఎదురెదురు రాకపోకల చిక్కు అక్కడ లేదు. అయినా అక్కడ మితిమీరిన వేగాన్ని అరికట్టేందుకు ప్రయాణానికి కనీస కాలాన్ని నిర్ణయించారు. ఎక్కేవారికంటే దిగేవారికి ఎక్కువ నిమిషాలు కేటాయించారు. దిగడం తేలికని తలచేవారికి ఇది వింతగా తోస్తుంది. దిగేటప్పుడు వాహనం తన బరువుతోనే వేగం పుంజుకొంటుంది. అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు సడలుతుంది. కనుక తక్కువ గేరులో దిగాలి. ఇంధనం ఆదా అవుతుందని గేరు తీసివేయడం గాని, ఇంజను ఆపివేయడం గాని చేయరాదు. ఎక్కేవారూ దిగేవారూ ఒకే దారిని పంచుకొనే కొండదారులలో ఈ నియమాల విలువ మరింత హెచ్చు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో పలమనేరు–చిత్తూరు మార్గంలోని మొగిలి ఘాట్‌లో బస్సూ లారీలూ ఢీకొన్నాయి. రెండు చోట్లా పలువురు మరణించారు.

వేగాన్ని గురించిన లెక్క విద్యార్థులకు కష్టమైనది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. అడ్డంగా వచ్చినవారిని చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పట్టిందనుకొందాం. బ్రేకు పడకముందే 17 మీటర్లు గడిచిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 20 మీటర్లయినా పడుతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడిన తరువాత జారే దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ముందు వాహనానికి దూరంగా ఉండాలన్న నియమం ఈ లెక్క నుంచి పుట్టినదే. పురటాసి మాసంలో తమిళనాడు నుంచి కాలినడకన తిరుమలకు వచ్చే భక్తబృందాలు రోడ్ల అంచున సాగిపోతుంటాయి. వారి పక్క నుంచి వెళ్లేటప్పుడు ఈ లెక్క జ్ఞాపకం ఉండాలి.

కాపలా లేని గేటు, ప్రమాద స్థలం

కాపలా లేని రైల్వే గేటు వద్ద వాహనాన్ని ఆపాలి. క్లీనరు గాని, వాహనంలోని మరొకరు గాని దిగి పట్టాల వరకు నడచి, ఇరువైపులా రైలు రావడం లేదని చూచి, తరువాత వాహనాన్ని దాటించాలి. ఎవరూ తోడులేకపోతే డ్రైవరే దిగి చూడాలి. చట్టంలోని 131వ సెక్షను దీనిని విధిగా చెప్పింది. 2019 జనవరి చివరికి దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిలో కాపలా లేని గేట్లను తొలగించారు. అయినా ప్రశ్న మిగిలింది. అనుమానం ఉన్న చోట ఆగి, దిగి, చూచి కదలాలన్న నీతికి కాలదోషం పట్టదు.

రహదారి మీద ప్రమాదం జరిగితే ఏమి చేయాలన్నది ఈ పరీక్షలోని అత్యంత గంభీరమైన భాగం. 134వ సెక్షను ప్రకారం డ్రైవరు గాయపడినవారిని సమీప వైద్యుని వద్దకో ఆసుపత్రికో చేర్చాలి. పోలీసులకు సమాచారం అందించాలి. సంఘటన స్థలంలో పోలీసులు లేకపోతే 24 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనులో తెలపాలి. బీమా సంస్థకూ వివరాలు ఇవ్వాలి. జనం ఆగ్రహించి మీద పడే పరిస్థితి వంటి కారణాలు ఉంటే తప్ప వైద్య సహాయ విధి నుంచి మినహాయింపు లేదు. గాయపడిన తరువాత మొదటి గంటలో సరైన చికిత్స అందితే ప్రాణం నిలిచే అవకాశం హెచ్చు. ఆ గంటకు ‘గోల్డెన్ అవర్’ అని పేరు. 2019 సవరణ ఈ మాటను చట్టంలోకి ఎక్కించింది. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది.

దారిన పోయేవారు సాయపడటానికి జంకేది పోలీసు విచారణకు, కోర్టు చుట్టూ తిరగడానికి భయపడి. 2016 మార్చిలో సుప్రీంకోర్టు అటువంటి పరోపకారుల రక్షణకు మార్గదర్శకాలను ఆమోదించింది. తరువాత 134ఎ సెక్షను వారికి చట్టబద్ధ రక్షణ కల్పించింది. సద్బుద్ధితో, ప్రతిఫలం కోరక సాయపడినవారిని వేధించరాదు. పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. ఈ సంగతి తెలిసినవాడు ఆగుతాడు; తెలియనివాడు తొలగిపోతాడు. ఒక ప్రాణం నిలవడానికీ పోవడానికీ మధ్య ఉన్న తేడా ఒక్కొక్కసారి ఇంతే.

పదహారుకూ పద్దెనిమిదికీ నడుమ

ఈ పాఠం చదివే విద్యార్థులలో చాలామంది పదహారుకూ పద్దెనిమిదికీ నడుమ ఉన్నవారే. తండ్రిగారి మోటారు సైకిలు మీద ట్యూషనుకు వెళ్లడం మన ఊళ్లలో మామూలు విషయంగా మారింది. చట్టం దీనిని మామూలుగా చూడదు. పదహారేళ్లు నిండినవారు సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతితో, 50 సి.సి.కి మించని గేరులేని వాహనానికి మాత్రమే లైసెన్సు పొందవచ్చు. నేడు అంగళ్లలో దొరికే పెట్రోలు స్కూటర్లలో దాదాపు అన్నీ 100 సి.సి.కి పైబడినవే. వాటికి పద్దెనిమిదేళ్లు నిండాలి.

2019 సవరణ చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకుణ్ణి లేదా వాహన యజమానిని దోషిగా పరిగణిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహనం రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. డ్రైవింగు తెలిస్తే చాలు, పూట గడుస్తుందని నమ్ముకొన్న కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఒక సాయంకాలపు సరదా అటువంటి ఇంటి బిడ్డకు ఏడెనిమిదేళ్ల జీవనోపాధిని దూరం చేయగలదు. లైసెన్సు లేనివారు ప్రమాదం చేస్తే బీమా సంస్థ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకొనే అవకాశమూ ఉంది. అది ఒక కుటుంబం పొలాన్నో ఇంటినో మింగవచ్చు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. హెల్మెట్ ధరించక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వాహనం నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ ఎందుకన్న ప్రశ్నకు ఈ సంఖ్య జవాబు చెబుతుంది.

సిద్ధపడే తీరు

ప్రశ్నల పుస్తకం కొని జవాబుల వరుసను బట్టీ పట్టడం ఒక పద్ధతి. మధ్యవర్తికి డబ్బిచ్చి గట్టెక్కాలనుకోవడం మరొక పద్ధతి. మొదటిది జ్ఞాపకాన్ని మాత్రమే పరీక్షిస్తుంది. రెండవది దేనినీ పరీక్షించదు. ఈత రానివానికి ఈత వచ్చునని పత్రం రాసి ఇస్తే నీరు దానిని చదవదు.

మేలైన పద్ధతి వేరు. ముందుగా గుర్తులను ఆకారాలను బట్టి మూడు వర్గాలుగా విభజించి, చేతితో గీసి నేర్చుకోవాలి. రెండవది, ప్రతి నియమం పక్కన ‘ఎందుకు’ అని రాసుకొని ఒక వాక్యంలో కారణం రాయాలి. కారణం రాయలేకపోతే ఆ నియమం మనకింకా రానట్లే. మూడవది, బస్సులో కళాశాలకు వచ్చేటప్పుడు దారిలోని గుర్తులను, గీతలను గమనించాలి. అఖండమైన పసుపు గీత దగ్గర, కూడలిలో ఎర్రదీపం పడినప్పుడు, నడిచేవారి కోసం గీసిన చారల వద్ద వాహనాలు ఎలా మెలగుతున్నాయో, ఎలా మెలగాలో సరిపోల్చి చూడాలి. నాలుగవది, రిజిస్ట్రేషను పత్రం, బీమా, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు అనే నాలుగింటిని ఇంట్లోని వాహనానికి సంబంధించి పరిశీలించి, గడువు తేదీలు చూడాలి. ఇంట్లో పెద్దలు మరచిన బీమా గడువును పిల్లలు జ్ఞాపకం చేసిన రోజున చదువుకు ఫలం దక్కినట్లే.

పరీక్ష రోజున రవాణా కార్యాలయంలో కంప్యూటరు తెర ముందు కూర్చున్నప్పుడు తొందరపడనక్కరలేదు. ప్రశ్నను చివరిదాకా చదివి, తరువాతనే జవాబు ఎంచుకోవాలి. ఆ ఓపికే రేపు వాహనమెక్కి కూడలికి చేరినప్పుడు మనకు అక్కరకు వస్తుంది.

రహదారి మీద ఎదురయ్యేవారి పేరు మనకు తెలియదు. మన పేరు వారికి తెలియదు. అయినా ఎడమవైపునే వస్తారని, ఎర్రదీపానికి ఆగుతారని ఒకరినొకరు నమ్మి సాగిపోతాము. ఆ నమ్మకానికి తగినవారమని ప్రభుత్వం ఎదుట మొదటిసారి రుజువు చేసుకొనే సందర్భమే ఈ పరీక్ష.

కఠిన పదాలు – అర్థాలు

రథికుడు = రథంపై ఉండి యుద్ధం చేసేవాడు
ఉత్తరీయం = పైబట్ట
అంతరార్థం = లోపలి భావం
ఒడంబడిక = ఒప్పందం
అఖండం = తెగనిది
సంరక్షకుడు = పోషణభారం వహించేవాడు
కాలదోషం పట్టు = చెల్లకుండా పోవు
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి

1. ఆపాలని అనుకున్న చోటు వేరు, నిజంగా ఆగే చోటు వేరు.
2. ఉత్తీర్ణతకు పన్నెండు చాలినా, ప్రయాణానికి ఇరవైయ్యీ కావాలి.
3. ఈ సంగతి తెలిసినవాడు ఆగుతాడు; తెలియనివాడు తొలగిపోతాడు.

వ్యాసరూప ప్రశ్నలు

1. రహదారి నియమాల వెనుక ఉన్న కారణాలను కొండదారుల ఉదాహరణలతో వివరించండి.
2. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు విధులను, సాయపడేవారికి ఉన్న రక్షణను తెలపండి.

సంక్షిప్త ప్రశ్నలు

1. రహదారి గుర్తులను ఆకారాలను బట్టి ఎలా గుర్తించవచ్చు?
2. ఋతుపర్ణుని ఉత్తరీయం కథలోని ఆధునిక సందేశమేమిటి?
3. మైనర్లు వాహనం నడిపితే కుటుంబానికి కలిగే నష్టాలేవి?

సంధులు

కఠోపనిషత్తు = కఠ + ఉపనిషత్తు – గుణసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
కార్యాలయం = కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
వాహనమెక్కి = వాహనము + ఎక్కి – ఉత్వ సంధి

సమాసాలు

రాకపోకలు = రాక, పోక – ద్వంద్వ సమాసం
ప్రాణరక్షణ = ప్రాణముల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు విషయాలు = నాలుగు సంఖ్యగల విషయాలు – ద్విగు సమాసం
ఎర్రదీపం = ఎర్రనైన దీపం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

కృత్యం

మీ ఇంటి నుంచి కళాశాల వరకు ఉన్న దారిలో కనిపించే రహదారి గుర్తులను గీసి, ఒక్కొక్కటి ఆ చోటనే ఎందుకు ఉందో రాయండి. గుర్తు ఉండవలసి ఉన్నా లేని చోటు ఏదైనా కనిపిస్తే, దానిని ఏర్పాటు చేయమని కోరుతూ సంబంధిత అధికారికి లేఖ రాయండి.